కుట్టు షెడ్డు దాకా

మా చెల్లెలి ముక్కు కొంచెం ఎడమ పక్కకి ఒరిగి ఉంటుంది. పుట్టుకతో వచ్చింది కాదు, నేను విరగ్గొట్టింది. ముక్కు మీద కోపం అంటారే, ఆ కోపం నాది, ముక్కు మాత్రం దానిది.

ఆ ఏడు ఎండాకాలం దాకా నాకున్నది తమ్ముడనే అనుకునేవాణ్ణి. యార్డులో అందరూ ‘వాడు’ అనేవాళ్ళు, నేనూ అంతే. ఇప్పుడు ఆ కథ చెప్పాల్సొచ్చి మళ్ళీ ఆ మాటలోకి వెళ్ళమంటే నా వల్ల కాదు. అందుకని మొదటి నుంచీ ‘అది’ అనే చెప్తాను, లేకపోతే చిన్నా అంటాను. చిన్నా అనేది నేను పెట్టిన ముద్దు పేరు. అమ్మా నాన్నా పోయాక నా చొక్కా అంచు పట్టుకుని తిరుగుతూ పెరిగింది. పదిహేడో ఏట ముఠాలోకి తెచ్చిందీ నేనే.

మాది గూడ్సు యార్డులో బస్తాలు మోసే ముఠా. పద్నాలుగు మందిమి, మా మీద ఒక మేస్త్రి. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి మొదటి వాన పడేదాకా చక్కెర సీజను. ఒక బండి ఖాళీ అవకముందే వెనకాల ఇంకోటి వచ్చి కూత పెట్టేది. ఇద్దరు పట్టి మూడోవాడి వీపు మీదకి బస్తా ఎక్కిస్తే, వాడు మూరెడు వెడల్పు బల్ల మీద నడిచి లారీలోకి చేరాలి. వంద కిలోల బస్తా. బల్ల కింద నిలువెత్తు గొయ్యిలాంటి జాగా, దాన్నిండా రాళ్ళు.

ఆ పనిలో ఒక పద్ధతుంది. బస్తా కింద మనిషి తూలితే మనిషిని పట్టుకోకూడదు. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు అదే. మనిషిని లాగారంటే బస్తా వచ్చి మెడ మీద కూర్చుంటుంది, ఇక ఆ మెడ పనికిరాదు. బస్తాని పట్టుకోవాలి. అదీ చేత్తో కాదు. మోకాళ్ళు వంచి, ఎడమ భుజం దాని అడుగున దూర్చి, కుడి చేత్తో మూల బిగించి, బరువంతా తన మీదకి వచ్చాక ‘ఉంది’ అని చెప్పాలి. ఆ మాట వినపడేదాకా మోసేవాడు వదలకూడదు. వినపడ్డాక పట్టుకుని వేలాడకూడదు. ఎనిమిదేళ్ళు నాకు ఆ మాట చెప్పింది చిన్నానే. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా, బల్ల మీద దాని గొంతు వినపడితే కళ్ళు మూసుకుని వదిలేసేవాణ్ణి.

సీజను మొదలైన వారానికే బల్లకున్న మేకొకటి నా కుడి అరికాల్లో దిగింది. మేస్త్రి బూతులు తిట్టి ఇంటికి పొమ్మన్నాడు. ఆ రోజు చిన్నా కడుపునొప్పని పనిలోకి రాలేదు. మా ఆవిడ యార్డు అవతల కుట్టు షెడ్డులో పని చేస్తుంది. చిరిగిన గోనె సంచుల్ని దబ్బనాలతో కుట్టే పని, అక్కడంతా ఆడవాళ్ళే, ముప్పై మంది దాకా ఉంటారు. పని ఎక్కువైనప్పుడు సంచులు ఇంటికి తెచ్చుకుని కుడతారు. కుంటుకుంటూ ఇంటికెళ్ళి తలుపు తోశాను. ఇద్దరూ నేల మీద కాళ్ళు చాపుకుని, ఒళ్ళో ఒకే సంచి పరుచుకుని, చెరో చివర్నుంచీ కుడుతూ దేనికో పగలబడి నవ్వుతున్నారు. చిన్నా ఒంటి మీద మా ఆవిడ నీలం గౌను ఉంది. అతుకు వేసి వదులు చేసిన గౌను, అంటే కొలత తీసి మరీ సరిచేశారన్నమాట.

నన్ను చూడగానే ఇద్దరి నవ్వూ ఒక్కసారే ఆగింది. గౌను సంగతి తర్వాత, ముందు ఆ నవ్వు ఆగడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఇంట్లో నాకు తెలియకుండా ఇంత సంతోషం నడుస్తోందా అనిపించింది. జుట్టు పట్టుకుని లేపాను. చెంప మీద కొట్టిన దెబ్బకి వెళ్ళి అద్దానికి గుద్దుకుంది. అద్దం పగిలింది. మా ఆవిడ మధ్యలోకి వస్తే దానికీ చెవి మీద ఒకటి తగిలింది. తగిలింది అంటున్నాను చూడండి, కొట్టాను.

చిన్నా తిరగబడలేదు. తల్చుకుంటే నన్ను గోడకేసి కొట్టగలదు, ఒంట్లో నాకు తీసిపోదు. నుదుటి మీద గాజుముక్క గీసుకుని రక్తం కారుతుంటే తుడుచుకోకుండా, గౌనుకి అంటకుండా పక్కకి వంగి నిలబడింది.

“బస్తా దించాక వీపెలా ఉంటుందో నీకు తెలుసుగా అన్నా,” అంది. “ఇది వేసుకుంటే నాకు అలా ఉంటుంది. అంతకంటే చెప్పడం నాకు రాదు.”

“ఇది వేసుకుని గడప దాటావంటే చంపేస్తా,” అన్నాను. ఆ రోజుకి అది ఊరికే అన్న మాట కాదు.

తర్వాత మూడు వారాలు రోజూ పక్కపక్కనే పని చేశాం. చొక్కా, ప్యాంటు, తలగుడ్డ, మామూలే. దాని నోట్లోంచి నాకు ‘ఉంది’ తప్ప ఇంకో మాట రాలేదు. మనసు మార్చుకుందిలే అనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణంటే, బుద్ధి చెప్పినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆ వారాల్లోనే ఇంకో సంగతి జరిగింది. మేస్త్రికి వయసైపోయింది, సీజను చివర్న మానేస్తానన్నాడు. తర్వాతి మేస్త్రి ఎవరంటే రెండు పేర్లు వినిపించాయి. ఒకటి నాది. రెండోది బొంగురుది. గొంతు బొంగురు కాబట్టి వాడికి ఆ పేరు, మనిషి మాత్రం చాలా గట్టివాడు. కొక్కెం వాడి చేతిలో వేలు లాగా కదిలేది. బస్తాని గుచ్చి లాగే ఇనప కొక్కెం అందరి నడుముకీ ఉంటుంది, వాడిది మాత్రం వాడు పడుకున్నప్పుడు కూడా ఉంటుందని నవ్వుకునేవాళ్ళం.

ఇంట్లో ఏం నడుస్తోందో నాకు తర్వాత తెలిసింది. చిన్నా కుట్టిన సంచులు మా ఆవిడ షెడ్డుకి పట్టుకెళ్ళేది. ఆ షెడ్డుకి పెద్ద ఒకావిడ ఉంది, అందరూ పెద్దమ్మ అంటారు. పెద్దమ్మ కుట్టు చూసి, ఇది నీ చెయ్యి కాదు ఎవరిదని అడిగిందట. మా ఆవిడ దాచకుండా చెప్పేసింది. పెద్దమ్మ చేతిలో ఉన్న సంచి కుట్టడం ముగించి చెప్పిందట, నాకు కుట్టు ముఖ్యం, కానీ దొడ్డిదారిన వస్తానంటే కుదరదు, ఇక్కడ కూర్చునేవాళ్ళందరూ ఎలా వస్తారో అలా పగటిపూట, పెద్ద గేట్లోంచి, పది మంది చూస్తుండగా నడిచి వస్తే చాప వేస్తాను అని. కఠినంగానే అనిపిస్తుంది. కానీ వెనక నుంచి వచ్చినదాన్ని మళ్ళీ వెనక నుంచే తరిమేస్తారని ఆవిడకి తెలుసు.

పెద్ద గేటు నుంచి షెడ్డుకి దారి మా బల్లల పక్క నుంచే. వేరే దారి లేదు.

ఒక గురువారం పొద్దున చిన్నా జ్వరమంది. నేను వేరేవాణ్ణి జోడీగా పెట్టుకుని పనిలో దిగాను. పదిన్నరకల్లా ఇనుము మీద చెయ్యి పెడితే అంటుకుపోయేంత ఎండ. అరికాల్లో మేకు దిగినచోట చీము పట్టింది. ఎవరికీ చెప్పలేదు, మేస్త్రి కాబోయేవాడు కుంటితే ఎలా. గేటు వైపు నుంచి నీలం గౌను వేసుకుని, తలకి గుడ్డ కట్టుకుని ఎవరో పొడుగాటి ఆడమనిషి వస్తోంది. చూశాను. షెడ్డులోకి కొత్తగా వచ్చిందేమో అనుకుని వీపు మీదకి బస్తా ఎక్కించుకున్నాను. ఆ గౌను మా ఇంట్లోదని కూడా తట్టలేదు. ప్యాంటు నడిచొస్తే మేం మగవాణ్ణి చూస్తాం, గౌను నడిచొస్తే ఆడదాన్ని చూస్తాం, అంతకుమించి మా కళ్ళకి ఓపిక లేదు.

బల్ల మధ్యలో పాదం మడతపడింది. బస్తా వీపు మీంచి మెడ మీదకి జరిగింది. మోకాలు బల్లకి కొట్టుకుంది. కిందకి చూస్తే రాళ్ళు కనపడ్డాయి. ఎవరో అరిచారు. నా జోడీ వాడు ఇంకా బండి దగ్గరే ఉన్నాడు, వాడు వచ్చేసరికి నా పని అయిపోతుందని నాకు తెలిసిపోయింది. అప్పుడు బస్తా తేలికైంది. ఎడమ భుజం ఒకటి దాని అడుగుకి వచ్చి కుదురుకుంది.

“ఉంది.”

నేను వదిలేశాను. ఎనిమిదేళ్ళ అలవాటు. వదిలేసి, ఊపిరి పీల్చుకుని, ఇంటి దగ్గర జ్వరంతో పడుకున్న మనిషి గొంతు ఇక్కడెలా వినపడిందా అని తల తిప్పాను.

చిన్నా గౌను కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, వంద కిలోల చక్కెర భుజం మీద పెట్టుకుని, లారీ వైపు నుంచి ఎక్కివచ్చి బల్ల మీద నిలబడి ఉంది. యార్డులో ఒక్క బస్తా కదలడం లేదు. ఏ ఆడమనిషైనా నా చెయ్యి పట్టుకుని లాగేది. ఆ మాటకొస్తే రోడ్డు మీద పోయే ఏ మగాడైనా అంతే. ఎడమ భుజం దూర్చడం పద్నాలుగు మందికే వచ్చు, అందులో ఆ రోజు పనిలోకి రానిది ఒక్కరే. అది తల దించుకుని ఇంకో అరవై అడుగులు నడిచి ఉంటే షెడ్డులో ఉండేది.

బస్తాని జాగ్రత్తగా లారీలో దించింది. ఆ తర్వాతే తనెక్కడుందో గుర్తొచ్చినట్టుంది, బల్ల దిగి నా వైపు చూసింది.

బొంగురు నవ్వాడు. పెద్దగా కూడా కాదు. “మేస్త్రిగారి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళన్నమాట,” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నిమిషంలో నా మెడ విరగలేదన్న సంగతి గుర్తులేదు. దాని భుజం గుర్తులేదు. ఆ నవ్వొక్కటే వినపడింది. బల్ల మీంచి దూకి పిడికిలి బిగించి ముఖం మధ్యలో గుద్దాను.

ముక్కు విరిగిన చప్పుడు చిన్నగా ఉంటుంది. నాకు ఇప్పటికీ కొన్ని చప్పుళ్ళు పడవు, పుల్ల విరిచినా లేచి బయటికి పోతాను.

అది మోకాళ్ళ మీద కూలింది. నేను కొట్టింది ఒక్క దెబ్బే, ఆ మాట ఆ తర్వాత చాలామందికి చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ ఒక్క దెబ్బతో మిగతావాళ్ళకి అడ్డు తొలగిపోయింది. సొంత అన్నే కొట్టాడు, ఇంక మనకేంటి అన్నట్టు మీదపడ్డారు. ఎనిమిదేళ్ళు ఒక గిన్నెలో తిన్నవాళ్ళు. పొట్టలో తన్నారు, పక్కటెముకల మీద తన్నారు. ఒకడు తలగుడ్డ లాగేసి దాంతోనే మెడ బిగించాడు. గౌను భుజం దగ్గర్నుంచి చిరిగింది. వాళ్ళన్న మాటలు నేను చెప్పను. బొంగురు కొక్కెం తీశాడు. నేను నిలబడి ఉన్నాను. చేతులు కట్టేశారా, కాళ్ళు కట్టేశారా, ఎవరూ కట్టలేదు. ఊరికే నిలబడి ఉన్నాను.

షెడ్డులోంచి మా ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో దబ్బనం అలాగే ఉంది, దారం కూడా వేలాడుతోంది. వచ్చిన వేగంతోనే బొంగురు తొడలోకి దబ్బనాన్ని బెజ్జం దాకా దింపింది. వాడు కుయ్యోమని కూలబడ్డాడు. మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు. చిన్నాని చంకల కింద చేతులు పెట్టి లేపి, దాదాపు ఈడ్చుకుంటూ గేటు వైపు తీసుకుపోయింది. నా పక్క నుంచి వెళ్తూ నన్ను చూడను కూడా చూడలేదు.

ఆ మధ్యాహ్నం మేస్త్రి నన్ను పక్కకి పిలిచి, పరువు నిలబెట్టుకున్నావురా అని భుజం తట్టాడు. ఇక నా పేరే ఖాయమన్నాడు. నేను తల ఊపాను. సిగ్గు లేకుండా ఆ రోజు ఇంకో నలభై బస్తాలు మోశాను.

ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. పళ్ళెం నా ముందు పెట్టే చప్పుడు బట్టి మా ఆవిడ మనసెలా ఉందో తెలిసేది. చిన్నాకి రెండు పక్కటెముకలు విరిగాయి. ముక్కు వాచి ముఖమంతా ఒకటే అయింది. లోపలి గదిలో పడుకుని నోటితో ఊపిరి పీల్చేది, ఆ శబ్దం ఇల్లంతా వినపడేది. వారం గడిచాక ఒక పొద్దున మా ఆవిడే మొదటి మాట మాట్లాడింది. నాకు మరిది పోయి ఆడపడుచు తగిలింది, ఇక నన్ను సాధించేవాళ్ళు లేరన్న బెంగ తీరింది అంది, గదిలోకి వినపడేలా. లోపల చిన్నా నవ్వబోయి పక్కటెముకలు పట్టుకుని మూలిగింది. నేను పనికి వెళ్ళకుండా ఆ గది గుమ్మంలో కూర్చున్నాను.

అడగాలనుకున్నది ఒకటే. “ఎందుకొచ్చావు బస్తా కిందకి? నీ దారిన నువ్వు పోయుంటే ఎవరికీ తెలిసేది కాదుగా.”

“నీ మెడ విరిగేది.”

“తెలుసు. అందుకే అడుగుతున్నా.”

వాచిన కళ్ళతో నన్ను చూసింది. “దాన్లో ఆలోచించేదేముంది అన్నా,” అంది. నిజంగానే అర్థం కానట్టు అడిగింది. గోడకి తల ఆనించుకుని ఏడ్చాను, పెళ్ళాం ముందు కూడా దాచుకోలేదు.

అప్పుడే ఆ గురువారం సంగతి చెప్పింది. ఇంటి నుంచి గేటు దాకా కాళ్ళు తన మాట వినలేదట. ఎవరో ఒకరు ఆపి అడుగుతారని, అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకుందట. ఎవరూ అడగలేదు. గేటు దగ్గర తోపుడు బండివాడు వెనక నుంచి వచ్చి, కొంచెం జరుగమ్మా అన్నాడట. తల ఎత్తి చూడకుండానే అన్నాడట. “అంతే అన్నా. వాడికేం గుర్తుండదు. నేను మాత్రం అక్కడి నుంచి మామూలుగా నడిచాను.”

దబ్బనం పోటు తగిలి బొంగురు పది రోజులు కుంటుకుంటూ తిరిగాడు. ఆ పది రోజులూ, మళ్ళీ అది గేట్లో అడుగు పెడితే కొక్కెంతో పొట్ట చీరుస్తానని యార్డులో అందరికీ చెప్పుకున్నాడు. పోలీసులకి చెప్పచ్చుగా అంటారు. చెప్పాం. కొట్టింది అన్నేనటగా, ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకోండి అని పంపేశారు. ఇంకో ఊరు పోదాం, ముగ్గురమూ పోదాం, అక్కడెవరికీ నువ్వు తెలియవు అన్నాను. చిన్నా ఒప్పుకోలేదు. అక్కడా ఒక గేటుంటుంది, అక్కడా ఒక బొంగురుంటాడు, ఇక్కడైతే కనీసం చాప వేస్తానన్న మనిషి ఉంది అంది. సోమవారం వెళ్తాను, నువ్వు మాత్రం అడ్డం రాకు, నాకోసం కాదు నీకోసమూ కాదు, నువ్వొస్తే వాళ్ళకింకా రెచ్చిపోవడానికి సాకు దొరుకుతుంది అని నాతో మాట తీసుకుంది. సరేనన్నాను.

ఆ సోమవారం పొద్దున్నే ఆకాశం నల్లబడింది. అప్పటికి మేస్త్రి తన పని దాదాపు నాకే వదిలేశాడు. రెండు బండ్ల చక్కెర బయట ఉంది. వాన పడితే అంతా పాకమే. మేస్త్రిగా నిలబడి కేకలేయాల్సినవాణ్ణి, మనుషులు చాలక నేనూ వీపు మీదకి బస్తాలు ఎత్తుకున్నాను. నిజం చెప్పాలంటే ఊరికే నిలబడితే పిచ్చెక్కేలా ఉంది.

తొమ్మిది దాటాక గేట్లో నీలం గౌను కనపడింది. భుజం దగ్గర చిరిగినచోట మా ఆవిడ గోనె దారంతోనే కుట్టింది, అంత దూరం నుంచీ తెలుస్తోంది. ముక్కు మీద పట్టీ ఉంది. ఈసారి తలగుడ్డ ముందుకి లాక్కోలేదు. ఎవరికీ తెలియకుండా పోయే ఆశ లేదు కదా. దారికి ఎడమ పక్కగా, మామూలు మనిషి నడిచే వేగంతో వస్తోంది.

పని ఆగిపోయింది. బొంగురు బస్తా దించి నడుము నుంచి కొక్కెం తీశాడు. వాడి వెనక ముగ్గురు దిగారు. దారికి అడ్డంగా వెళ్తున్నారు. నేను బల్ల నడిమధ్యన, వీపు మీద వంద కిలోలతో నిలబడి ఉన్నాను. దారి చేరాలంటే వాళ్ళు సరిగ్గా నా కింద, బల్ల కింది రాళ్ళ మీంచే పోవాలి.

ముప్పై ఏళ్ళలో మా యార్డులో ఎవడూ కావాలని బస్తా వదల్లేదు. చచ్చేవాడు కూడా లారీలో దించి చస్తాడని మాకు పొగరు. ఆలోచించానంటే అబద్ధం. వీపు విదిలించాను.

బస్తా వెళ్ళి బొంగురు ముందు నేలకి కొట్టుకుని పగిలింది. కుట్లు తెగి చక్కెర దారంతా పరుచుకుంది. వెనకాలే నేను వాడి మీదకి దూకాను. మాట ఇచ్చిన సంగతి గుర్తుంది, లెక్కచెయ్యలేదు. ఇద్దరం చక్కెరలో దొర్లాం. వాడి చెవి నా పళ్ళ మధ్యకి వచ్చింది, కొరికాను. వాడు నా కణత మీద మోచేత్తో పొడిచాడు. మిగతా ముగ్గురూ నా మీద పడ్డారు. ఎవడి బూటో నా పళ్ళు రాల్చింది, రెండు, కుడి వైపువి. లేవబోయాను. కొక్కెం ఎడమ భుజంలో దిగింది. ఎముక దాటి దిగింది. బొంగురు దాన్ని బస్తాని లాగినట్టే లాగాడు. లోపల ఏదో తెగి, చెయ్యి నాది కాకుండా పోయింది.

ముఖం చక్కెరలో ఉంది. ఒక కన్ను కొంచెం తెరుచుకుంటోంది. దాంట్లోంచి నీలం గౌను అంచు కనపడింది. అప్పటికి అది మమ్మల్ని దాటి ముందుకి పోయింది, షెడ్డు వాకిలి దగ్గర్లోనే ఉంది. వాకిట్లో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. గౌను ఆగింది. ఇటు తిరిగింది. రెండు అడుగులు నా వైపు పడ్డాయి. మోకాళ్ళు అప్పుడే కొంచెం వంగాయి. నాకు తెలుసు, వస్తే ఎడమ భుజం ముందుకి పెట్టి వస్తుంది.

నోట్లో రక్తం, చక్కెర కలిసి ముద్దయ్యాయి. ఉమ్మేశాను.

“ఉంది,” అన్నాను.

గౌను అంచు ఆగింది.

ఎవడో మళ్ళీ తన్నాడు. ఊపిరి దొరికాక ఇంకోసారి, దానికి వినపడేలా చెప్పాను. “చిన్నా, ఉంది. వదిలెయ్.”

ఆ మాట చెప్పాక పట్టుకుని వేలాడకూడదని ఇద్దరికీ తెలుసు. అది నిలబడింది. ఎంతసేపో చెప్పలేను, నాకు మాత్రం సీజనంత అనిపించింది. తర్వాత వెనక్కి తిరిగి నడిచింది. నీలం గౌను వాకిట్లో ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి కనపడకుండా పోయింది. ఆ తర్వాతవి ఎన్ని దెబ్బలు తగిలాయో నాకు లెక్క లేదు.

మిగతాది మా ఆవిడ చెప్పింది. బొంగురు కొక్కెం పట్టుకుని షెడ్డు దాకా వెళ్ళాడట. వాకిట్లో ముప్పై మంది దబ్బనాలు పట్టుకుని నిలబడి ఉన్నారట. వాడి తొడకి ఒక్క దబ్బనం చేసిన గాయమే ఇంకా మానలేదు. ఆగిపోయాడు. పెద్దమ్మ వాణ్ణి పట్టించుకోలేదు. చిన్నా వైపు తిరిగి, గేట్లోంచే వచ్చావు, పగలే వచ్చావు, కూర్చో అని తన పక్కన చాప వేసిందట. అప్పుడు వాన మొదలైంది. నా ముఖం కింద చక్కెర కరిగి జిగటగా అవుతోంది, నాకు గుర్తున్న చివరి సంగతి అదే.

నేను మేస్త్రిని కాలేదు. బొంగురు అయ్యాడు. నా ఎడమ చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు, కాబట్టి ముఠాలో నాకు జాగా లేదు. కాటా దగ్గర కూర్చుని బస్తాల బరువు చూసి కేకేస్తాను. కొన్ని రోజులు యార్డులో ముఖం చూపించలేకపోయాను. తర్వాత అలవాటైంది. వాళ్ళకీ అలవాటైంది. చిన్నా రోజూ తొమ్మిదింటికి కాటా ముందు నుంచే షెడ్డుకి వెళ్తుంది. మొదట్లో కూతలూ ఈలలూ వినపడేవి. ఒకసారి రాయి కూడా పడింది. అది మాత్రం దారి మార్చలేదు.

నన్ను క్షమించావా అని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే లేదంటుందేమోనని భయం. అది అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు మాత్రం వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుంది. కట్టు విప్పి భుజం చూసింది. డాక్టరు వేసిన ఇరవై ఆరు కుట్లు, వంకరటింకరగా, ఒకటి బిగువు ఒకటి వదులు. వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమింది. నువ్వు పగలగొట్టిన చక్కెర బస్తా మా షెడ్డుకే వచ్చింది, పెద్దమ్మ నాకిచ్చిన మొదటి సంచి అదే అంది. కుట్టావా అన్నాను. కుట్టానంది. ఎలా కుట్టావన్నాను.

విరిగిన ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చుకుని, నా భుజం మీద కట్టు మళ్ళీ వేస్తూ చెప్పింది.

“దీనికంటే బాగానే.”